ప్రాగ్‌కు ఒక్కరే వెళ్లడం గురించి: మీ నాలుగు ప్రశ్నలకు నా సమాధానం

మీరు రాసినదాని సారాంశం ఇది. దసరా సెలవులకు అటూ ఇటూ కలుపుకుంటే అక్కడ నిలవడానికి ఐదు రోజులు దొరుకుతాయి. హైదరాబాదు నుంచి ఒక్కరే బయలుదేరుతున్నారు, ఇదే మొదటి విదేశీ ప్రయాణం. ఆ ఐదు రోజుల్లో ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడూ చూడవచ్చా? ఆడవాళ్లు ఒక్కరే తిరగడం భద్రమేనా? మాంసం తినని మనిషికి తిండి దొరుకుతుందా? మాట్లాడే తోడు లేకపోతే విసుగు పుట్టదా? అమ్మగారు ఒప్పుకోవడం లేదని కూడా చివర్లో రాశారు. దానికి నా దగ్గర మందు లేదు.

నేను చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. ఒక్కదాన్నే ఉన్నాను. తిరిగి వచ్చేశాక కూడా రెండుసార్లు వెళ్లాను, ఆ రెండుసార్లూ ఒక్కదాన్నే. కాబట్టి తెలిసిందే చెబుతాను.

మూడు ఊళ్లూ వద్దు. ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కు ఇంకో రెండున్నర గంటల పైమాటే. పటంలో చూస్తే పక్కపక్కనే ఉన్నట్టు అనిపిస్తాయి. అయితే ఊరు మారిన ప్రతిసారీ పెట్టె సర్దుకోవాలి, గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో గది ఇచ్చే మధ్యాహ్నం దాకా సామాను ఎక్కడో దాచుకోవాలి. మూడు ఊళ్లకు మూడు రకాల డబ్బు: ప్రాగ్‌లో కొరునా, వియన్నాలో యూరో, బుడాపెస్ట్‌లో ఫోరింట్. ఇద్దరు వెళితే ఒకరు సామాను దగ్గర కూర్చుంటారు, ఇంకొకరు టికెట్ తెస్తారు. ఒక్కరే వెళితే బాత్రూముకు వెళ్లాలన్నా పెట్టెను వెంట ఈడ్చుకుపోవాలి. ఇలా తిరిగి వచ్చినవాళ్లను అడిగి చూడండి, రైల్వేస్టేషన్ల గురించే ఎక్కువ చెబుతారు.

వీసా కోణం కూడా ఉంది. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకు, ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఒకే ఊరు అనుకుంటే ఈ లెక్కే ఉండదు. రుసుము 90 యూరోలు. ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, నిబంధన ప్రకారం 15 రోజుల ముందు వరకు గడువు. ఆ 15 రోజులను నమ్ముకోకండి. దసరాకు వెళ్లాలంటే జూన్, జూలైలోనే అపాయింట్‌మెంట్ చూసుకోండి, ఎందుకంటే అసలు ఆలస్యం అక్కడే అవుతుంది.

ఇక ఒకే ఊళ్లో ఐదు రోజులు ఏం చేస్తామంటారా? ఒక్కరే వెళ్లడంలో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే వేళ మీ చేతిలో ఉంటుంది. ఎవరో నిద్ర లేచేదాకా ఎదురుచూడక్కరలేదు, ఎవరి ఫొటోలు అయ్యేదాకా ఆగక్కరలేదు. ప్రాగ్ లాంటి పాత ఊళ్లో ఏం చూశారన్నదాని కంటే ఏ వేళకు చూశారన్నదే ముఖ్యం. చార్లెస్ వంతెన మీదికి పొద్దున పదకొండుకు వెళితే తిరునాళ్ల గుంపు. అదే వంతెన మీద తెల్లవారుతుండగా నిలబడితే వల్తావా నది మీద పొగమంచు, అవతల కోట, కూలికి పోయేవాళ్లు నలుగురు, పెళ్లి ఫొటోలు తీయించుకునే జంట ఒకటి. అక్టోబరు నడిమికి అక్కడ ఏడుంబావు దాటితే గానీ సూర్యోదయం కాదు, అంటే మీరు కోడి కూతకు లేవనక్కరలేదు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా కాబట్టి మొదటి రెండు రోజులు నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. దాన్ని వాడుకోండి.

ఆ వంతెనకు 1357లో చక్రవర్తి నాలుగో చార్లెస్ కాలంలో పునాది పడింది. పొడవు 516 మీటర్లు. 1841 దాకా ఊళ్లో నది దాటడానికి ఉన్న వంతెన ఇదొక్కటే. రెండు వైపులా వరుసగా మొత్తం 30 విగ్రహాలు, వాటిలో చాలావరకు నకళ్లు, అసలువి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. మన కోటల సున్నంలో బెల్లం, కరక్కాయ, గుడ్డు సొన కలిపారని విని పెరిగిన నాకు ఆ కథ విని నవ్వొచ్చింది. ఎక్కడైనా పాత గోడ నిలిచి ఉంటే జనం దానికి వంటింటి కారణమే వెతుకుతారు కాబోలు. 1393లో రాజు నదిలోకి తోయించేసిన నెపోముక్ యోహాను అనే క్రైస్తవ మతగురువు విగ్రహం కింద కంచు ఫలకం ఒకటి ఉంటుంది, ముట్టుకుని ముట్టుకుని మెరిసిపోతుంది. ముట్టుకుంటే కోరిక తీరుతుందట. మన గుడిలో నంది చెవిలో చెప్పుకున్నట్టే.

కోటకు మాత్రం అందరూ వెళ్లే దారిలో వెళ్లకండి. నది ఒడ్డు నుంచి మెట్లెక్కి ఆయాసపడి గుంపులో కలుస్తారు. 22వ నంబరు ట్రామ్ ఎక్కి కోట దాటాక వచ్చే పోహోర్షెలెత్స్ దగ్గర దిగండి. అక్కడి నుంచి దారంతా పల్లమే. పక్కనే స్త్రాహోవ్ మఠం ముంగిట నిలబడితే ఎర్ర పెంకుల కప్పులతో ఊరంతా కిందే కనిపిస్తుంది. కోట ప్రాంగణం ఉదయం ఆరుకే తెరుస్తారు, లోపలి వీధుల్లో తిరగడానికి టికెట్ అక్కరలేదు. భవనాల్లోకి వెళ్లడానికే టికెట్, అవి తొమ్మిదికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకు చేరుకుని, బయట అంతా చూసుకుని, తలుపు తీయగానే సెయింట్ వీటస్ కెథడ్రల్‌లోకి వెళ్లండి. 1344లో మొదలుపెట్టిన ఆ చర్చి 1929కి పూర్తయింది. యుద్ధాలు, కరువులు, రాజవంశాలు మారడాల మధ్య 585 ఏళ్లు పట్టింది. మన ఊళ్లో ఫ్లైఓవరు ఆలస్యమైందని విసుక్కునేటప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది. ఆదివారం పొద్దున ప్రార్థనల వల్ల పర్యాటకులను మధ్యాహ్నం దాకా రానివ్వరు, కాబట్టి కోటను ఆదివారానికి పెట్టుకోకండి.

పాత రాజభవనంలో ఒక కిటికీ దగ్గర తప్పకుండా ఆగండి. 1618లో ఇద్దరు కాథలిక్ రాజప్రతినిధులనూ వాళ్ల గుమాస్తానూ ప్రొటెస్టెంట్ పెద్దలు అక్కడి నుంచి కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికారు. దేవదూతలు పట్టుకున్నారని కాథలిక్కులు, పేడకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. ఆ గొడవతో మొదలైన యుద్ధం ముప్పై ఏళ్లు నడిచి మధ్య యూరప్‌ను పీల్చి పిప్పి చేసింది. దానికి తొలి మూల్యం ఊరి నడిబొడ్డునే కనిపిస్తుంది: పాత పట్టణపు కూడలిలో నేల మీద రాళ్లలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. 1621 జూన్ 21న తిరుగుబాటు నాయకులు 27 మందిని చంపింది అక్కడే. రోజూ వేల మంది వాటిని తొక్కుకుంటూ ఆ కూడలిలోనే ఉన్న పాత గడియారం వైపు పరుగెడతారు.

ఆ గడియారం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్లకు అది తేలికగా అర్థమవుతుంది, గైడ్లు మాత్రం ఆ సంగతి చెప్పరు. 1410 నాటిది. గంట కొట్టగానే అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన కిటికీల్లో పన్నెండుగురు అపొస్తలులు, అంటే యేసు శిష్యులు, వరుసగా కనిపించి వెళతారు. అంతా నిమిషం లోపే అయిపోతుంది. "ఇంతేనా" అని అందరూ చెదిరిపోతారు, నిజానికి చూడవలసింది అప్పుడు మొదలవుతుంది. దాని ముఖం ఒక పంచాంగం. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడు, వెన్నెల ఎంత పెరిగింది, అన్నీ ఉంటాయి. మేషం, వృషభం గుర్తులు చూడగానే పోల్చుకుంటారు. ఒక వలయం సూర్యాస్తమయం నుంచి గంటలు లెక్కపెడుతుంది. మనం ఉదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టు, పాతకాలపు చెక్ జనం సాయంత్రం నుంచి లెక్కపెట్టుకునేవారు. ఇంకో తేడా ఉంది. అది రాశులను విషువత్తు నుంచి లెక్కపెట్టే సాయన లెక్క, మనది నక్షత్రాల నుంచి లెక్కపెట్టే నిరయన లెక్క. అందుకే మనం సంక్రాంతి ముగ్గులు వేసేనాటికి ఆ గడియారంలో సూర్యుడు మకరంలోకి వచ్చి మూడు వారాలు దాటిపోయి ఉంటుంది. మా తాతగారు పంచాంగం చూసేవారు. ఆయన బతికి ఉంటే ఆ గడియారం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గంట కొట్టే సమయానికి గుంపులో ఉండకండి, అందరూ మెడలెత్తి చూసే ఆ నిమిషమే జేబుదొంగలకు పండగ.

యూదుల పేట యోసెఫోవ్‌కు సగం రోజు ఉంచండి. శనివారం అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది. పాత శ్మశానంలో దాదాపు 12,000 రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడి ఉంటాయి. చోటు చాలక మట్టి పోసి పొరల మీద పొరలుగా పూడ్చారు. పక్కనే పింకాస్ ప్రార్థనామందిరం. నాజీల చేతుల్లో ప్రాణాలు పోయిన బొహీమియా, మొరావియా (ఇవి చెక్ దేశపు ప్రాంతాలు) యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి, దాదాపు 78,000. అక్కడికి నేను ఒకసారి బంధువులతో వెళ్లాను, ఒకసారి ఒక్కదాన్నే వెళ్లాను. బంధువులతో వెళ్లినప్పుడు పావుగంటలో బయటికి వచ్చేశాం. రెండోసారి ఒకే ఇంటిపేరు వరుసను మొదటి నుంచి చివరి దాకా చదివాను, అందరూ ఒకే కుటుంబం. పక్కన ఎవరైనా ఉంటే ఆ పని చేయలేం. ఆ తర్వాత ఇంకేమీ పెట్టుకోకండి, నది ఒడ్డున కూర్చోండి.

మనకు తెలిసిన చిన్న చిన్న ఆనవాళ్లూ తగులుతాయి. వెన్సెస్లాస్ కూడలిలో బాటా భవనం చూసి నేను ఆగిపోయాను. బడికి వేసుకున్న నల్ల బూట్ల కంపెనీ మనదే అనుకుని పెరిగాను. అది 1894లో ఈ దేశంలోని జ్లీన్ అనే ఊళ్లో పుట్టింది. "రోబో" అన్న మాట కూడా ఇక్కడిదే. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకంలో వాడారు. మూలమైన చెక్ మాట "రొబోతా"కు సరిగ్గా సరిపోయే తెలుగు మాట వెట్టిచాకిరి. చాపెక్ సమాధి విషెహ్రాద్‌లో ఉంది. ఆ పాత కోట నది పక్కన కొండ మీద ఉంటుంది, మెట్రో సి లైన్లో దిగి నడిచి వెళ్లవచ్చు. గుంపులు తక్కువ. సాయంత్రం అక్కడ కూర్చోవడం నాకు పెద్ద కోటను చూడటం కంటే ఇష్టం. 1921లోనూ 1926లోనూ ఇక్కడికి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ పేరిట దెయ్‌విత్సే ప్రాంతంలో ఒక వీధి, అందులో ఆయన శిల్పం ఉన్నాయి. ద్రావిడ భాషల పరిశోధనలో పేరు పొందిన కమిల్ జ్వెలెబిల్ 1927లో పుట్టింది కూడా ప్రాగ్‌లోనే, ఆయన కృషి ఎక్కువగా తమిళం మీద.

ఇక తిండి. దొరుకుతుంది, వెతుక్కోవాలి. చెక్ వంట అంటే పంది మాంసం, గోమాంసం, పిండి ముద్దలు. "మాంసం లేకుండా" అంటే కొన్నిచోట్ల సూప్‌లో మాంసపు రసం పోసి తెస్తారు, కాబట్టి "సెమ్ వెగెతారియాన్కా" (నేను శాకాహారిని) అని ముందే చెప్పి, సూప్ దేనితో చేశారో అడగండి. వాళ్ల హోటళ్లలో ఎక్కడైనా దొరికేది "స్మాజెనీ సీర్", చీజ్ ముక్కకు రొట్టెపొడి అద్ది నూనెలో వేయించి బంగాళాదుంపలతో పెడతారు. మొదటిసారి బాగుంటుంది, మూడోసారి మొహం మొత్తుతుంది. పక్కన ఇచ్చే తెల్లటి సాస్‌లో గుడ్డు ఉంటుంది. పళ్లు పొదిగిన తీపి ముద్దలు "ఒవొత్స్‌నే క్నెద్లీకి" దొరికితే వదలకండి, వాళ్లు దాన్ని భోజనంగానే తింటారు. వీధుల్లో నిప్పుల మీద తిప్పి అమ్మే చుట్టల్లాంటి తీపి రొట్టె ప్రాగ్ సంప్రదాయమని బోర్డు మీద ఉంటుంది, అది పర్యాటకుల కోసం ఈ మధ్య పుట్టిన సంప్రదాయం. పనిదినాల్లో మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు మధ్య ఉద్యోగుల కోసం పెట్టే భోజనం చవక, తాజా. శాకాహార హోటళ్లు, భారతీయ హోటళ్లు కూడా చాలానే ఉన్నాయి. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి తీసుకువెళ్లండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి యూరోపియన్ యూనియన్‌లో ఒప్పుకోరు.

విసుగు గురించి అడిగారు కదా. పగలు ఎవరికీ విసుగు రాదు. బెంగ అంతా రాత్రి భోజనం దగ్గరే. నేను వెళ్లిన మొదటి సాయంత్రం నాలుగు హోటళ్ల గుమ్మాల దాకా వెళ్లి, లోపల అందరూ జంటలుగా, గుంపులుగా కూర్చోవడం చూసి వెనక్కి వచ్చేశాను. గదిలో బిస్కెట్లు తిని పడుకున్నాను. వారం రోజుల తర్వాత తెలిసింది, అక్కడి మామూలు హోటళ్లలో బల్లలు పంచుకోవడం మామూలే. ఖాళీ కుర్చీ చూసి "యె తు వోల్నో?" అని అడిగితే తల ఊపుతారు, మీ మానాన మిమ్మల్ని వదిలేస్తారు. పలకరించలేదని నొచ్చుకోకండి, అది వాళ్ల మర్యాద. అడుగుపెట్టగానే "దొబ్రీ దెన్" అనడం మాత్రం మరచిపోకండి, దుకాణంలో అయినా సరే. మన నమస్కారం లాంటిది, అది అనకుండా బేరంలోకి దిగితే మొహం చిట్లిస్తారు. భోజనానికి మధ్యాహ్నమే పెద్దపీట వేసి, రాత్రికి తేలికగా ఏదైనా తిని, నాటకశాలకో కచేరీకో వెళ్లండి. సంగీతకారుడు మొట్సార్ట్ 1787లో తన కొత్త ఆపెరా (పాటలతో నడిచే నాటకం) తొలి ప్రదర్శనను స్వయంగా నడిపించిన ఎస్టేట్స్ థియేటర్ ఇప్పటికీ నడుస్తోంది. దీపాలు ఆర్పాక ఎవరు ఎవరితో వచ్చారో ఎవరికీ తెలియదు.

భద్రత విషయానికొస్తే, రాత్రి పదింటికి ట్రామ్‌లో ఒక్కదాన్నే ఇంటికి వెళ్లడానికి ఆ ఆరేళ్లలో నేను భయపడింది లేదు. మెట్రో అర్ధరాత్రి దాకా ఉంటుంది, తర్వాత తొంభైల నంబర్లతో రాత్రి ట్రామ్‌లు నడుస్తాయి. చీకటి పడ్డాక ప్రధాన రైల్వేస్టేషన్ ముందున్న పార్కులోంచి అడ్డదారిన పోకండి. వెన్సెస్లాస్ కూడలిలో రాత్రి క్లబ్బులకు పిలిచేవాళ్లకు జవాబు ఇవ్వకుండా నడవండి. అత్యవసర నంబరు 112.

భయపడవలసింది మనిషికి కాదు, పర్సుకు. నా పర్సు పోయింది పోహోర్షెలెత్స్ దారిలోని ఆ 22వ నంబరు ట్రామ్‌లోనే, వెళ్లిన రెండో నెలలో. వీపున సంచి, దాని పై అరలో పర్సు, కళ్లేమో కిటికీ బయట. తప్పు నాదే. అప్పటి నుంచి పాస్‌పోర్టు ఒకచోట, ఒక కార్డు ఇంకోచోట, కొద్దిగా నగదు మూడోచోట. ఒక్కరే ఉన్నప్పుడు ఉన్నదంతా ఒకేసారి పోతే అప్పు ఇచ్చే తోడు కూడా ఉండదు.

రెండో దెబ్బ డబ్బు మార్పిడి. ఒక దుకాణంలో "కమీషన్ సున్నా" అని బోర్డు చూసి యూరోలు ఇచ్చాను. బయట పెద్ద అక్షరాల్లో ఉన్నది వాళ్లు యూరోలు అమ్మే ధర, కొనే ధర లోపల చిన్న అక్షరాల్లో ఉంది. అలా నాలుగో వంతు పోయింది. 2019 నుంచి చట్టం మారింది. 1,000 యూరోల లోపు మార్పిడి అయితే మూడు గంటల్లోగా రసీదుతో తిరిగి వెళ్లి రద్దు చేసుకోవచ్చు. అసలు మార్చుకోవడం ఎందుకు, దాదాపు ప్రతిచోటా కార్డు పనిచేస్తుంది. నగదు కావాలంటే బ్యాంకు గోడకున్న ఏటీఎంలో తీయండి. "మీ రూపాయల్లో లెక్కకట్టమంటారా" అని తెర మీద అడిగితే వద్దనండి, కొరునాల్లోనే కానివ్వండి. వీధిలో మంచి ధర ఇస్తానని దగ్గరికొచ్చేవాడు చెల్లని వేరే దేశపు నోట్లు అంటగడతాడు. కొరునా అంటే నాలుగు రూపాయలకు కాస్త అటూ ఇటూ అని మనసులో పెట్టుకుంటే చాలు.

ట్రామ్‌కో మెట్రోకో కాగితం టికెట్ కొంటే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే. మామూలు దుస్తుల్లో వచ్చే తనిఖీ ఉద్యోగులు మీ అమాయకత్వాన్ని లెక్కచేయరు. 24 గంటలదీ 72 గంటలదీ ఉన్నాయి, మీకు 72 గంటలది నయం. మడమ ఎత్తు చెప్పులు వద్దు, ఊరంతా గుండ్రాళ్ల పరుపు. అక్టోబరులో పొద్దున, రాత్రి చలి బాగా ఉంటుంది, వానకు తడవని ఒక కోటు పెట్టుకోండి. హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లోనో దోహాలోనో మారాలి. మారడానికి కనీసం రెండున్నర గంటల వ్యవధి ఉన్న టికెట్టే తీసుకోండి.

అమ్మగారి సంగతి. మా అమ్మ కూడా ఒప్పుకోలేదు, విమానం ఎక్కేదాకా ఒప్పుకోలేదు. నేను చేసిందల్లా హోటల్ పేరు, ఫోను నంబరు, ఏ రోజు ఎక్కడ ఉంటానో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించడం. ఫోనుకు కూడా ఒక వేళ పెట్టుకున్నాం, ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ప్రాగ్‌లో సాయంత్రం ఐదున్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది, ఆమె భోజనం అయిపోయి ఉంటుంది, మీరు నది ఒడ్డున బెంచీ మీద ఉంటారు. మీ ప్రయాణం అక్టోబరు ఆఖరి ఆదివారం దాటితే మాత్రం వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళతాయి, అప్పుడు ఆ ఫోను వాళ్ల లెక్కన నాలుగున్నరకే చేయాలి.